బీరువాలోకి పరిగెత్తే మనిషి

కొలతలమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసులో అందరూ అనేవాళ్ళు. అది ఒట్టి అబద్ధం. ఆమె కోపం చేతిసంచీలో, కొలతల టేపు పక్కన, మడతపెట్టి ఉండేది. అవసరం పడినప్పుడే బయటికి తీసేది. కాకపోతే ఆమె పనిచేసేది సొంత బావ దగ్గర కాబట్టి, ఆ అవసరం రోజుకి నాలుగైదు సార్లు పడేది.

బావ బిల్డరు. ఆయన కట్టే మేడలకి పద్నాలుగేళ్ళుగా ప్లాన్లు గీసేది ఈమే. గుమ్మమైనా, కిటికీ అయినా, వంటగట్టయినా స్వయంగా టేపు పెట్టి కొలిస్తే తప్ప నమ్మదు. మీరు చెప్పిన కొలత మీ దగ్గరే ఉంచుకోండి అంటుంది. అందుకే పెద్ద మేస్త్రి ఆమెకి ఆ పేరు పెట్టాడు. అది ఎంత అతుక్కుపోయిందంటే, జీతం కవరు మీద కూడా కొలతలమ్మ అనే రాసిచ్చేవాళ్ళు.

గీతలు చెల్లెలివైతే మాటలు అక్కవి. అక్క అంటే బిల్డరు భార్య. పెట్టుబడి పెట్టేవాళ్ళని కూర్చోబెట్టి, తెర మీద ఒక్కో పేజీ చూపిస్తూ, పునాది కూడా తియ్యని మేడలో వాళ్ళని గదిగదికీ తిప్పుకొచ్చేది. ఆవిడ చెబుతుంటే, లేని బాల్కనీలో గాలి కూడా తగిలేది. చెల్లెలు పక్కన కూర్చుని కంప్యూటర్ మీట నొక్కుతూ పేజీలు తిప్పేది. ఈ అక్కాచెల్లెళ్ళిద్దరూ లేకపోతే ఆ బిల్డరు ఇప్పటికీ ఎవరి దగ్గరో ఇటుకలు లెక్కపెట్టుకుంటూ ఉండేవాడు. ఈ సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

పెద్ద మీటింగు ఏదైనా ఉంటే ముందురోజు మధ్యాహ్నం రిహార్సలు జరిగేది. పెద్ద మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, ముందు కుర్చీలో కూర్చుని, పెట్టుబడిదారుడిలా మొహం పెట్టాలి. ఆ మొహం ఎలా ఉండాలో బావే దగ్గరుండి నేర్పాడు. ఏం చూపించినా తిన్నది అరగనట్టు చూడాలి. మధ్యమధ్యలో ఒక ప్రశ్న వెయ్యాలి.

ఆరోజు రిహార్సలు వేస్తున్న మర్నాటి మీటింగు అలాంటిలాంటిది కాదు. ఏడంతస్తుల మేడ. నలుగురు పెట్టుబడిదారులు ఒప్పుకుంటే పని మొదలవుతుంది, లేకపోతే ఆ స్థలంలో మొలిచిన పిచ్చిమొక్కలకి నీళ్ళు పోసుకోవాల్సిందే. పేజీలన్నీ కొలతలమ్మ వారం కిందే తయారుచేసి ఇచ్చేసింది. అక్షరాలు కాస్త సరిదిద్దుతానని అక్క రెండురోజులు తన దగ్గర ఉంచుకుంది. తిరిగొచ్చిన పేజీల్ని కొలతలమ్మ మళ్ళీ చూడలేదు. పరాయి మేస్త్రి పెట్టిన ఇటుకనైతే కొలిచేది. అక్క చేతిలోంచి వచ్చిన దాన్ని ఎందుకు కొలుస్తుంది?

రిహార్సలు నున్నగా సాగిపోతోంది. తొమ్మిదో పేజీ వచ్చింది. ఏడో అంతస్తు మూల ఇంట్లో పడకగది బొమ్మ. వెడల్పాటి మంచం, దుప్పటి మీద ఎండ, గోడకి నిలువెత్తు బీరువా.

"నాకో అనుమానం అమ్మా" అన్నాడు పెద్ద మేస్త్రి, పెట్టుబడిదారుడి మొహం కాసేపు పక్కనపెట్టి. "ఆ బీరువా మీద పచ్చబోర్డు ఉంది చూడండి. అందులో బొమ్మ మనిషి బీరువాలోకి పరిగెడుతున్నాడేంటి?"

బావ పగలబడి నవ్వాడు. అక్క నవ్వింది, కానీ ఆ నవ్వు పెదాలు దాటలేదు. కొలతలమ్మ మాత్రం నవ్వలేదు.

ఆ బోర్డు ఆమె పెట్టిందే. మంటలొస్తే ఇటు పరుగెత్తండి అని చెప్పడానికి, తూర్పు చివర మెట్ల తలుపు మీద పెట్టింది. కంప్యూటర్లో గోడలు ఒక పొరలో, తలుపులు ఒక పొరలో, ఇలాంటి బోర్డులు వేరే పొరలో గీయడం ఆమె అలవాటు. ఎవరో మెట్లు తీసేశారు. తలుపు తీసేశారు. అక్కడ గోడ కట్టి, గోడకి బీరువా ఆనించారు. బోర్డులకి వేరే పొర ఉంటుందని తెలియక దాన్ని వదిలేశారు. పాపం ఆ పచ్చమనిషి, దారి ఉందనుకుని ఇంకా పరిగెడుతూనే ఉన్నాడు.

ఆమె ఎనిమిదో పేజీకి వెనక్కి తిప్పింది. కింది అంతస్తుల ప్లాను. లిఫ్టు పక్కన ఒక మెట్లదారి ఉంది. తూర్పు చివర రెండో మెట్లదారి ఉండాల్సిన చోట ఒక చిన్న ఇల్లు వెలిసింది. అడుగున, కుడి మూల, ఈ ప్లాను గీసినవారు అంటూ ఆమె పేరు ఉంది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"బావగారూ, తూర్పు మెట్లు ఏవి?"

మామూలుగా ఆయన ఆమెకి బావ. కోపం వచ్చినప్పుడే గారు తగిలిస్తుంది. ఆ గారు చెవిన పడగానే పెద్ద మేస్త్రి టీ తాగొస్తానని లేచి వెళ్ళిపోయాడు.

"ఏ మెట్లు?" అన్నాడు బావ.

"నేను గీసిన మెట్లు. మంటలొస్తే జనం దిగాల్సిన మెట్లు."

"ఓ, అవా! పక్కన పెట్టాం."

"పక్కన పెట్టడానికి అవేమైనా చెప్పులా బావగారూ?"

"అలా ఒంటికాలి మీద లేవకు. అవి తీస్తే కింద ఆరు అంతస్తుల్లో ఆరు ఇళ్ళు ఎక్కువొస్తున్నాయి. అవి లేకపోతే రేపు ఆ నలుగురూ లేచి దండం పెట్టి వెళ్ళిపోతారు. ఒక మెట్లదారి ఉందిగా, చాలదా?"

"ఆ ఒక్కటీ కరెంటు మీటర్ల గది పక్కనుంది. మంటంటూ పుడితే పుట్టేదే అక్కడ. పైనున్నవాళ్ళు ఎటు దిగాలి? గోడలోంచా? అయినా ఒకే మెట్లదారితో ఏడంతస్తులకి అనుమతి ఎవరిస్తారు?"

బావ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ వాలడంలోనే ఆమెకి సంగతి సగం అర్థమైంది. "అనుమతికి నీ పాత ప్లానే పెడతాం. నువ్వు సంతకం కూడా పెట్టేశావుగా. కట్టేటప్పుడు ఇది కడతాం. తర్వాత వీలుంటే బయట ఇనప మెట్లేవో తగిలిద్దాంలే."

తర్వాత. ఆయన తర్వాతలు ఆమెకి కొత్తేమీ కాదు. పోయిన మేడకి తర్వాత వస్తుందన్న పిట్టగోడ ఇప్పటికీ రాలేదు. అనుమతిచ్చే సర్కారు ఆఫీసులో చూపించడానికి ఆమె సంతకం ఉన్న ప్లాను ఒకటి, పెట్టుబడిదారులకి చూపించడానికి ఆమె పేరున్న ప్లాను ఇంకొకటి. ఈ రెండింటి మధ్య, ఆ ఇంట్లో పడుకునేవాళ్ళ చెవిలో పువ్వు. ఇంత పని చేసి, కనీసం ముందుగా ఒక్క మాట చెప్పాలని కూడా అనిపించలేదు వీళ్ళకి.

"ఎవడు మార్చాడు దీన్ని? ఏ దొంగచేతికి ఇచ్చి మార్పించారు?" అని అరిచింది.

బావ అక్కవైపు చూశాడు.

"నేనే మార్చాను" అంది అక్క.

గోడ ఎలా గీయాలో, తలుపు ఎటు తెరుచుకోవాలో అక్కకి ఆదివారాలు కూర్చోబెట్టి నేర్పింది కొలతలమ్మే. బుర్రకెక్కడంలేదని అక్క విసుక్కుంటే, పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుని గీయించింది. ఆ చేత్తోనే అక్క మెట్లు చెరిపింది. దొంగచేతికి ఇచ్చారని తను అన్న మాట గాల్లో అలాగే ఉండిపోయింది. ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు.

బావ ఫోను మోగకపోయినా చెవికి ఆనించుకుని బయటికి నడిచాడు. అక్క మెట్లెక్కి పైకి వెళ్ళింది. కొలతలమ్మ వెనకే వెళ్ళింది. ఆఫీసుకి పై అంతస్తులోనే అక్క కాపురం. బావ కట్టిన మేడల్లో ఏ ఇల్లు అమ్ముడవకపోతే ఆ ఇంట్లో ఉండటం వాళ్ళ పద్ధతి. కొనేవాడు రాగానే ఇంకో దాంట్లోకి మారిపోతారు. పద్నాలుగేళ్ళలో పదకొండు ఇళ్ళు. కిటికీ మారినప్పుడల్లా అక్క పరదాల అంచులు విప్పుతుంది, మళ్ళీ కుడుతుంది. ఆ అంచుల మీద పాత కుట్లు వరసలు తీరి ఉన్నాయి.

"చూడవే" అంది అక్క, తలుపు వేసి. "బిల్డరు పెళ్ళాన్ని. గోడకి ఒక్క మేకు కొట్టాలంటే భయం నాకు. ఆ గోడ రేపు ఎవరిదవుతుందో అని. ఏడో అంతస్తు మూల ఇల్లు నాకే అని మీ బావ చేతిలో చెయ్యేసి చెప్పాడు. రేపు వాళ్ళు ఒప్పుకుంటేనే."

"నీ ఇంటి కోసం ఎవరో చావాలా?"

"ఎవరూ చావరు. నువ్వు అన్నిట్లోనూ చావే చూస్తావు."

"అయితే కొలత చూడు. ఏడో అంతస్తులో మెట్లు మింగి నీకో పడకగది ఎక్కువ గీసుకున్నావు కదా. ముందైతే నీ మంచం దగ్గర్నుంచి మెట్లకి పన్నెండు అడుగులు. ఇప్పుడు మిగిలిన మెట్లకి నూటనలభై. పొగలో, కళ్ళు కనపడకుండా, నూటనలభై అడుగులు. నువ్వే నడవాలి అక్కా, ఇంకెవరో కాదు."

అక్క కళ్ళు ఒక్క క్షణం చెదిరాయి. వెంటనే ఇంకా ఎర్రబడ్డాయి. "నీకు రెండు గదులైనా సొంత కొంప ఉంది. కడుపు నిండినదానివి, కొలతలు బానే చెబుతావు."

ఆ మాటలో నిజం ఉంది. ఉంది కాబట్టే కొలతలమ్మ కోపం రెట్టింపయింది. నోటికి ముందు వచ్చింది అనేసింది.

"మెట్లన్నా పెట్టు, నా పేరన్నా తియ్యి. రెండిట్లో ఏదీ చెయ్యకపోతే రేపు నేను రాను. పేజీలు ఎవరు తిప్పుతారో తిప్పుకోండి."

తన పేరు లేకుండా ఆ ప్లాను నిలబడదని, అందుకని మెట్లే వెనక్కొస్తాయని ఆమె ధీమా. ఆ ధీమాతోనే మర్నాడు పొద్దున్న మీటింగుకి వెళ్ళింది.

హోటల్లో అద్దెకి తీసుకున్న హాలు. పొడుగాటి బల్ల, ఒక్కో కుర్చీ ముందు ఒక్కో నీళ్ళసీసా, ఎదురుగా తెల్లని తెర. ఇంకా ఎవరూ రాలేదు. కంప్యూటర్ తెరిచి ఎనిమిదో పేజీ చూసింది. తూర్పు మెట్లు లేవు. ఆమె పేరు కూడా లేదు. దాని స్థానంలో మా నిపుణుల బృందం అని ఉంది. తొమ్మిదో పేజీలో పచ్చబోర్డు కూడా పోయింది. అక్కకి పొరల సంగతి రాత్రికి రాత్రే తెలిసిపోయినట్టుంది.

తను అడిగిందే జరిగింది. పేరు పోతే కోపం చల్లారాలి కదా. చల్లారకపోగా భగ్గున మండింది. ఈసారి మంట సగం తన మీదే. బేరమాడే అవకాశం ఒక్కటే ఉంటే, దాన్ని తన పేరు కోసం వాడుకుంది. జనం దిగే దారికి, కాగితం మూల ఉన్న నాలుగక్షరాలకి ఒకే ధర కట్టింది. అక్క ఏది సులువో అది చేసింది. ఛీ అనుకుంది తనని తానే. ఇవాళ నోరు మూసుకుంటే, నిన్న దొంగచెయ్యి అన్న మాట తనకీ వర్తిస్తుంది.

నలుగురూ వచ్చారు. ముగ్గురు ఏది విన్నా ముందు నాలుగో ఆయన మొహం చూసి, ఆ తర్వాతే తలాడిస్తున్నారు. ఆ నాలుగో ఆయనే పెద్దాయన. సన్నగా, శుభ్రంగా, చేతిలో ఇంకు పెన్నుతో, ఎవరింట్లోనైనా తాతయ్యలా ఉన్నాడు. అక్క మొదలుపెట్టింది. స్థలం చూపించింది, రోడ్డు చూపించింది, మేడ ముందు నీడ చూపించింది. బావ ఒక మూల చేతులు కట్టుకుని పెళ్ళిపెద్దలా నిలబడ్డాడు. ఎనిమిదో పేజీ వచ్చింది.

"ఇదీ అంతస్తు ప్లాను. అంగుళం కూడా వృథా చెయ్యలేదు" అంది అక్క. "తర్వాతి పేజీ."

కొలతలమ్మ మీట నొక్కలేదు.

"తర్వాతి పేజీ" అంది అక్క మళ్ళీ, నవ్వు చెదరకుండా.

కొలతలమ్మ లేచి నిలబడింది. "ఈ తూర్పు చివర ఇంకో మెట్లదారి ఉండేది. నేనే గీశాను. మంటలొస్తే దిగే దారి అది. దాన్ని తీసేసి ఇళ్ళు పెట్టారు. మీకు చెప్పకుండా దాచారు. డబ్బు పెట్టేముందు మీకు తెలియాలని చెబుతున్నాను."

బావ మొహంలో నెత్తురుచుక్క లేదు. పెద్దాయన పెన్నుకి మూత పెట్టి చిన్నగా నవ్వాడు.

"కూర్చో అమ్మా. మాకు తెలుసు. తీసెయ్యమని చెప్పింది మేమే."

పొద్దుటినుంచి కూడగట్టుకున్న మాటలన్నీ ఆమె నోట్లోనే ఎండిపోయాయి. అవన్నీ మోసపోతున్నవాళ్ళకి చెప్పాల్సిన మాటలు. ఈ హాల్లో మోసపోతున్నవాళ్ళు ఎవరూ లేరు. వాళ్ళు ఎక్కడో ఊళ్ళో తమ పనులు చేసుకుంటున్నారు, ఇల్లు కొనుక్కోవాలని కూడబెట్టుకుంటున్నారు.

"మరి అక్కడ కాపురం ఉండేవాళ్ళకి చెప్తారా?" అంది.

"కొనేవాళ్ళు వంటగది చూస్తారమ్మా. బాల్కనీ చూస్తారు. మెట్లదారులెన్ని ఉన్నాయని ఎవరూ అడగరు, లిఫ్టు ఎక్కి పోతారు." ముగ్గురూ ఆయన మొహం చూసి నవ్వారు. ఆయన అక్కవైపు తిరిగాడు. "మీరు బాగా చెబుతున్నారు. కానివ్వండి, తర్వాతి పేజీ."

అక్క కదల్లేదు. తెర మీద తూర్పు మూలవైపు చూస్తోంది.

"ఏడో అంతస్తులో ఈ మూల ఇల్లు నాదండీ" అంది.

"మంచిదే. బాగా పలుకుతుంది. అమ్ముకోండి."

"అమ్మను. నేనే ఉంటాను అందులో."

పెద్దాయన అప్పుడు ఆవిడని మొదటిసారి సరిగ్గా చూశాడు. తర్వాత బావని చూశాడు, నీ పెళ్ళానికి ఇది కూడా చెప్పలేదా అన్నట్టు. మళ్ళీ అక్కవైపు తిరిగి, గొంతు తగ్గించి, ఎంతో ఆప్యాయంగా అన్నాడు. "వద్దమ్మా. మీరు మాత్రం అందులో ఉండకండి. అద్దెకిచ్చేసి ఇంకెక్కడైనా ఉండండి. పెద్దవాణ్ణి చెబుతున్నాను, నా మాట వినండి."

అరిచినా, తిట్టినా అక్కకి అంత తగిలేది కాదు. ఆ ఆప్యాయత తగిలింది. బతకాలనుకున్నవాళ్ళు ఉండకూడని ఇల్లని ఆ మనిషికి తెలుసు. తెలిసే కట్టిస్తున్నాడు. తెలిసినవాళ్ళకి మాత్రం చెవిలో చెబుతున్నాడు.

అక్క బల్ల దగ్గరికి వచ్చి కంప్యూటర్ మూత ఠపీమని మూసింది. తెర తెల్లబడింది.

"తర్వాతి పేజీ లేదండీ. రెండు మెట్లదారులున్న ప్లాను ఉంది. అది చూస్తానంటే చూపిస్తాను. ఇది మాత్రం కట్టం."

"ఏయ్, నీకేమైనా పిచ్చా?" అని బావ గావుకేక పెట్టాడు.

పెద్దాయన వాచీ చూసుకుని లేచాడు. ఆయన లేచాడని ముగ్గురూ లేచారు. బావ వాళ్ళ వెనకే, ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అంటూ గుమ్మం దాకా, అక్కణ్ణుంచి రోడ్డు దాకా పరుగెత్తాడు. బల్ల మీద నాలుగు సీసాలూ మూత తియ్యకుండానే ఉండిపోయాయి.

కొలతలమ్మ వైర్లు చుట్టి సంచీలో పెట్టుకుని కిందికి వచ్చేసరికి అక్క కారులో, స్టీరింగు ముందు కూర్చుని ఉంది. అద్దం దించి ఉంది. కొలతలమ్మకి గుండె నిండిపోయింది. తన అక్క. నలుగురి ముందు అంత మాట అన్న తన అక్క. వంగి, కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆవిడ భుజం పట్టుకోబోయింది.

"ముట్టుకోకు నన్ను" అంది అక్క.

"అక్కా, నువ్వివాళ…"

"నీ కోసం చేశాననుకుంటున్నావా? నీ మెట్ల కోసమా? పోయింది నా ఇల్లే. తెలుసా నీకు? నిన్నటిదాకా కళ్ళు మూసుకుంటే ఆ కిటికీ కనిపించేది నాకు. ఇంక కనపడదు." ఆవిడ గొంతు కోపంతో పగిలిపోతోంది. "నువ్వు చెప్పింది నిజమే. అందుకే నీ మొహం చూడాలని లేదు."

కొలతలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. సంచీలో ఎంత వెతికినా ఆమెకి కోపం దొరకలేదు. ఉన్నదంతా ఇప్పుడు అక్క దగ్గరే ఉంది.

అక్క కారు స్టార్ట్ చేసి, వెంటనే కదలకుండా, ఎదురుగా గోడవైపు చూస్తూ అంది. "ఇప్పుడున్న ఇంటికి కొనేవాళ్ళొచ్చారు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఆదివారం వచ్చి సామాను సర్దు."

"వస్తాను."

"వచ్చి నాతో మాట్లాడకు. ఒక్క మాట మాట్లాడినా గిన్నె పెట్టి కొడతాను."

"మాట్లాడను" అంది కొలతలమ్మ. అక్క అద్దం పైకెత్తేసి వెళ్ళిపోయింది.